కాన్పుల బడి తాళం తీయండి

మిషన్ ఆసుపత్రి ట్రస్టు పెద్దలకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారాలు. మీలో కొందరు నన్ను ఎరుగుదురు. ఏటిగట్టు పక్కనున్న మన ఆసుపత్రి నర్సింగు స్కూలులో నేను 1985లో చేరాను. అక్కడ నేర్చుకున్న పనితోనే 32 ఏళ్లు గోదావరి మధ్యనున్న లంక గ్రామాల్లో ప్రభుత్వ ఏఎన్ఎంగా పనిచేశాను. మోకాళ్లు సహకరించక 2020లో స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. నాకు చదువు చెప్పి, అన్నం పెట్టిన ఆసుపత్రి మీద నిష్ఠూరంగా రాయవలసి రావడం నాకు సంతోషం కాదు.

మూతపడిన ఆ స్కూలును, లేబర్ రూమును మళ్లీ తెరవమని ఇది నాలుగో అర్జీ. 2022 వరదల తర్వాత ఇచ్చిన మొదటిదానికి రసీదు ఇచ్చారు. మరుసటి ఏడాది రెండోదానికి ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. మూడోది ఇవ్వడానికి వెళ్తే, పాత రెండూ ఏ ఫైలులో ఉన్నాయో గుమస్తాగారు నన్నే అడిగారు. ట్రస్టు వారిని అడిగితే ప్రభుత్వం అనుమతి కావాలంటారు. ప్రభుత్వం వారిని అడిగితే అది ప్రైవేటు ట్రస్టు ఆస్తి, మేం జోక్యం చేసుకోలేం అంటారు. ఒకరు ఒడ్డున, ఒకరు పడవలో నిలబడి తాడు నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో అన్నట్టుంది. అందుకే ఈసారి ఇద్దరికీ కలిపి, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

విషయం చెప్పే ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. మన జిల్లావాడు కాదు, మన దేశంవాడూ కాదు. మా చెల్లెలి కోడలు కథోలికురాలు. 2022 నవంబరు 20 ఆదివారం పూజ నుంచి వచ్చి, ‘పెద్దత్తయ్యా, ఇవాళ ఒక డాక్టరు ఫాదరును ధన్యజీవిగా ప్రకటించారట, ఆయన కూడా మీలాగే కాన్పులు చేసేవాడట’ అంది. ధన్యజీవి అంటే వాళ్ల సంఘంలో పునీతుడి హోదాకు ముందు మెట్టు. ఆసక్తి కలిగి ఆ తర్వాత వాళ్ల పత్రికల్లో దొరికినదంతా చదివాను.

ఆయన పేరు ఫాదర్ జుసెప్పె అంబ్రోసోలి. ఇటలీలో కోమో దగ్గర రొనాగో అనే ఊళ్లో 1923లో పుట్టారు. తేనె వ్యాపారం చేసే కలిగిన కుటుంబం. వైద్యం చదివి, ఉష్ణమండల వ్యాధుల కోసం లండన్ వెళ్లి మళ్లీ చదివి, కొంబోని అనే కథోలిక మిషనరీ సంఘంలో చేరారు. 1955 డిసెంబరులో ఫాదరుగా అభిషేకం పొంది, 1956లో ఉత్తర ఉగాండాలోని కలోంగో చేరారు. అప్పటికి అక్కడ ఉన్నది చిన్న మందుల గది. దాన్ని ఆయన 350 పడకల ఆసుపత్రిగా పెంచారు. అక్కడి అచోలీ తెగ ప్రజలు ఆయనను ‘అజ్వాకా మాదిట్’ అనేవారు. పెద్ద వైద్యుడు అని అర్థం. మన వాళ్లు మిషన్ వైద్యురాలిని ‘దొరసానమ్మ’ అన్నట్టే అనుకోండి, అయితే వాళ్లు రంగును చూసి కాక పనిని చూసి పేరు పెట్టారు.

ఇంతవరకు అయితే ఇలాంటి జీవిత కథలు మనకు చాలానే తెలుసు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. వెళ్లిన మూడేళ్లకే, 1959లో, ఆయన కలోంగోలో మంత్రసానుల శిక్షణ బడి పెట్టించారు. తానొక్కడూ ఎన్ని ఆపరేషన్లు చేసినా చుట్టుపక్కల పల్లెల్లో పురిటి నొప్పులు పడే ఆడవాళ్లందరి దగ్గరకూ తాను వెళ్లలేడు, చదువుకున్న అమ్మాయిలు వెళ్తారు. ఈ లెక్క ఆయనకు తెలిసింది.

తర్వాత యుద్ధం వచ్చింది. 1986 జనవరిలో కంపాలాలో ప్రభుత్వం మారింది, ఆ ఏడాది ఆగస్టుకు అచోలీ ప్రాంతంలో తిరుగుబాటు మొదలైంది. అటు తిరుగుబాటుదారులు, ఇటు సైన్యం, నడుమ ఆసుపత్రి. ఫాదరుకు అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి, పని తగ్గించుకోమని వైద్యులు చెప్పారు. 1987 ఫిబ్రవరి 13న సైన్యం ఆసుపత్రిని ఖాళీ చేయించింది. రోగులనూ సిబ్బందినీ లారీలెక్కించి లీరా పట్నానికి తరలించారు. తీసుకెళ్లలేని సామగ్రిని తగలబెట్టారు. ముప్పై ఏళ్లు కట్టినదంతా ఒక్క పూటలో వెనక ఉండిపోయింది.

ఇక్కడే నేను ఆగిపోయాను. లీరాలో ఆయన ఏం చేశారు? విశ్రాంతి తీసుకోలేదు, ఇటలీ వెళ్లలేదు. శిక్షణలో ఉన్న అమ్మాయిల చదువు ఆగిపోకూడదని, వాళ్ల బడిని నైలు నదికి పడమట ఉన్న అంగాల్ అనే ఊరికి మార్పించే పనిలో పడ్డారు. ఆ పని మీద ఉండగానే ఒంట్లో ఉన్న కాస్త శక్తీ అయిపోయింది. మార్చి 27న లీరాలో కన్నుమూశారు. కలోంగో వదిలిన 42 రోజులకు. వయసు 63.

ఆ తర్వాత 1989లో కలోంగో ఆసుపత్రి మళ్లీ తెరుచుకుంది, ఇప్పుడు ఆయన పేరుతోనే నడుస్తోంది. మంత్రసానుల బడీ నడుస్తోంది. ఆ ప్రాంతంలో పోరాటం 1989తో ముగియలేదు, ఇంకా పదిహేడేళ్లు సాగింది. అయినా నడిచాయి.

ఆ తేదీలు చదువుతుంటే నాకు లెక్క తట్టింది. కలోంగో ఖాళీ కావడానికి ఆరు నెలల ముందే, 1986 ఆగస్టులో, మనకు ఆ పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేను స్కూలులో రెండో ఏడు చదువుతున్నాను. బాలింతలను పడక మంచాలతో సహా పై అంతస్తుకు మోశాం. మెట్ల మలుపు దగ్గర మంచం తిరగక, ఒక బాలింత తానే లేచి, బిడ్డను చంకన పెట్టుకుని మా వెనక నడిచి వచ్చింది. మూడు రోజులు వరండాలో స్టవ్ మీద సూదులు ఉడకబెట్టాం. పాఠం మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. కాన్పు పాఠాలకు వాడే గుడ్డ బొమ్మను, తోలుతో కుట్టిన కటి నమూనాను మేట్రన్ ముందుగానే పైకి పంపించారు, మందుల పెట్టెల కంటే ముందు. మాకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు అర్థమైంది.

ఆయన కథోలిక ఫాదరు, మనది ప్రొటెస్టెంటు మిషన్. ట్రస్టు పెద్దలలో కొందరి కనుబొమలు ముడిపడతాయని నాకు తెలుసు. పురిటి గదిలో ఆ తేడా నాకెప్పుడూ కనపడలేదు. మన డెల్టాలో రాజమండ్రిలో లూథరన్లు, పిఠాపురంలో కెనడియన్ బాప్టిస్టులు, నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్ వారు ఆసుపత్రులు పెట్టినప్పుడు కాపు, శెట్టిబలిజ, మాల, మాదిగ, బ్రాహ్మణ అందరూ ఆ మంచాల మీదే పడుకున్నారు. మన ఆసుపత్రి వాటంత పేరున్నది కాదు. అయినా మా లంకల్లో ఒక తరం దొరబాబుల్లో ఎంతమందికి దొరసాని చేతిలో పుట్టడం వల్ల ఆ పేరు వచ్చిందో వాళ్ల అమ్మమ్మలను అడగండి.

ఇక మన సంగతి. నర్సింగు స్కూలులో చివరి బ్యాచి 2009లో బయటికి వెళ్లింది. లేబర్ రూము 2014లో మూసేశారు. కరోనా దాకా వారానికి రెండు రోజులు ఓపీ ఉండేది, అదీ పోయింది. ప్రహరీ గోడ రోడ్డు వైపు కొట్టి మూడు షాపులు కట్టారు. ఒకటి చెప్పుల కొట్టు, ఒకటి మొబైల్ కొట్టు, మూడోదానికి అద్దెకు ఇవ్వబడును అని బోర్డు. ఇప్పుడు స్కూలు భవనం స్థానంలో కల్యాణ మండపం వస్తుందని వింటున్నాం. ఇక్కడ ఎవరూ తుపాకీ పేల్చలేదు, ఎవరూ తగలబెట్టలేదు. ప్రతి నిర్ణయమూ టీ తాగుతూ, మినిట్స్ రాసుకుంటూ తీసుకున్నదే.

దీనివల్ల గట్టు లోపలి లంకల వాళ్లకు ఏమైందో వరుసగా చెబుతాను.

1. ఒక రాత్రి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17 లక్షల క్యూసెక్కులు, దాటిన మర్నాడు. మా పక్కింటి అమ్మాయికి 22 ఏళ్లు, నెలలు నిండాయి. రోడ్డు మునిగింది, కరెంటు లేదు. అర్ధరాత్రి దాటాక నొప్పులు మొదలయ్యాయి. చేపల వేటకు వెళ్లే కుర్రాళ్లు ఇద్దరు ఇంజను పడవ తీశారు. పైన టార్పాలిన్ పట్టుకుని ఆమె తమ్ముడు, కింద కొబ్బరి చాప మీద ఆమె, మోకాళ్ల మీద నేను. రెండుంబావుకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, బాగానే ఏడ్చింది. మాయ పడలేదు. రక్తం ఆగలేదు. రిటైరైన దాన్ని, నా సంచిలో గ్లౌజులు, బ్లేడు, దారం తప్ప ఇంజెక్షను లేదు. పొత్తికడుపు మీద పిడికిలితో ఒత్తుతూనే ఉన్నాను. పడవలో చేరిన నీళ్లలో ఎంత గోదావరో, ఎంత రక్తమో టార్చి వెలుగులో తెలియలేదు.

పడవ ఎక్కడికి చేరిందో తెలుసా? మన ఆసుపత్రి రేవుకే. వరదలో పడవ ఆగడానికి అనువైన మెట్లు అక్కడే ఉన్నాయి, మిషన్ వాళ్లు కట్టించినవి. వాచ్‌మన్ గేటు తీశాడు. లేబర్ రూము తాళం చెవి తన దగ్గర లేదన్నాడు. పాపం, వేడినీళ్లు కాచి తెచ్చాడు. వరండాలో అరుగు మీద, కిటికీ అవతల మంచం కనబడుతుండగా, 108 వచ్చేదాకా నలభై నిమిషాలు కూర్చున్నాం. ఆమె బతికింది. గర్భసంచి తీసేశారు.

2. ఇది ఒక్కరి దురదృష్టం అనకండి. కాన్పు తర్వాత అర లీటరుకు మించి రక్తం పోతే ప్రమాదం. సాయం అందకపోతే రెండు మూడు గంటల్లో ప్రాణం పోవచ్చు. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తమే తక్కువ ఉన్న మనిషికి అర లీటరు పోవడమంటే ఏమిటో నేను వైద్యాధికారులకు చెప్పనక్కర్లేదు. రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షనును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వరదలో మొదట పోయేది కరెంటే.

3. భయపడిన వాళ్లు ముందే పట్నం వెళ్తున్నారు. నెలలు నిండక ముందే గది అద్దెకు తీసుకుని, కూలి మానుకుని, పెద్ద పిల్లలను ఎవరింట్లోనో వదిలి. అక్కడ చాలామందికి కోతే. అదే సర్వేలో రాష్ట్రంలో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లని తేలింది. నా సర్వీసులో సవ్యంగా జరగవలసిన కాన్పుకు ఓపిక ఒక్కటే మందు అని నేర్చుకున్నాను. ఆ ఓపిక నేర్పే బడే మూతపడింది. కొబ్బరి దింపు కార్మికుడి భార్యకు ఆపరేషను అయితే ఆ ఇంట్లో అప్పు తీరేసరికి రెండో కాన్పు వస్తుంది.

4. లంకలు ఏడాదిలో మూడు నాలుగు నెలలు దీవులు. గంటి పెదపూడి దగ్గర నదీపాయ మీద వేసిన తాత్కాలిక బాట వరద వచ్చినప్పుడల్లా కొట్టుకుపోతూ వచ్చింది, కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. పత్రికల్లో పడవ ఎక్కే గర్భిణి ఫోటో వస్తుంది. నీళ్లు తీస్తే ఫోటోతో పాటు మాటా ఆగిపోతుంది. పాము కరిచిన వాడు, చెట్టు మీద నుంచి పడ్డ దింపువాడు, ఆయాసం వచ్చిన ముసలమ్మ, అందరిదీ అదే పడవ.

5. మా లంకల నుంచి ఆ స్కూలులో చదివిన అమ్మాయిలు పెళ్లిళ్లయినా గట్టు లోపలే ఉండేవారు, ఎందుకంటే వాళ్ల ఇళ్లు అక్కడే. ఇప్పుడు బయటి నుంచి పోస్టింగు మీద వచ్చే అమ్మాయి వరద రోజున గట్టు మీదే ఆగిపోతుంది. ఆమె తప్పేమీ లేదు. ఈత రాదు, పిల్లలున్నారు.

ట్రస్టు వారి ఇబ్బందులు నాకు తెలియనివి కావు. విదేశీ విరాళాలు తగ్గాయి. డాక్టర్లు పల్లెకు రారు. స్కూలు నడపాలంటే ఏడాదికి తగినన్ని కాన్పులు జరిగే ఆసుపత్రితో సంబంధం ఉండాలని నర్సింగు కౌన్సిలు నిబంధన. నిజమే. కానీ మూడు షాపుల అద్దె ఎక్కడికి వెళ్తోందో సంఘసభ్యురాలిగా నేను అడిగితే, ‘అమ్మా, మీరు ప్రార్థన చేయండి’ అన్న పెద్దగారు తాను లెక్కలు చూస్తున్నట్టు మాత్రం చెప్పలేదు. ప్రార్థన రోజూ చేస్తున్నాను. లెక్కలు కూడా చూపించండి.

మేము కోరేవి ఇవి. వరుస సంఖ్యలు అవే కొనసాగిస్తున్నాను, ఎందుకంటే ఇవి పై బాధల నుంచి వచ్చినవే.

6. స్కూలు భవనాన్ని కల్యాణ మండపానికి గానీ, మరే వ్యాపారానికి గానీ ఇవ్వబోమని ట్రస్టు రాతపూర్వకంగా తీర్మానం చేయాలి. ఆసుపత్రికని మా తాతలు ఇచ్చిన స్థలంలో మొదటి హక్కు ఆసుపత్రిదే.

7. కాన్పులు జరిగే ఆసుపత్రి లేదన్న సాకు తీరేలా, జిల్లాలోని ప్రభుత్వ ఏరియా ఆసుపత్రితో ఒప్పందం చేసుకుని మంత్రసానుల శిక్షణ మళ్లీ మొదలుపెట్టాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2018లోనే నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణకు మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో అంతకు ముందే మొదలుపెట్టారు. భవనం ట్రస్టుది, కాన్పులు ప్రభుత్వ ఆసుపత్రివి, పిల్లలు మా లంకలవాళ్లు. మూడూ ఉన్నాయి, కలపవలసిన సంతకమే లేదు. సీట్లలో సగం గట్టు లోపలి గ్రామాల అమ్మాయిలకు కేటాయించాలి.

8. శిక్షణకు సమయం పడుతుంది, గోదావరి ఆగదు. కాబట్టి వచ్చే జులై నాటికి మన పాత లేబర్ రూములో, పక్కనున్న రెండు వార్డుల్లో నెలలు నిండిన గర్భిణులకు వరద కాలమంతా వసతి ఏర్పాటు చేయాలి. మన్యం ప్రాంతాల్లో ప్రభుత్వమే ఇలాంటి వసతి గృహాలు నడుపుతోంది. కొండ మీద వాగు పొంగితే ఇచ్చే సాయం, లంకలో నది పొంగితే ఎందుకు ఇవ్వరు?

9. మైదానంలో 5,000 మందికి, చేరుకోవడం కష్టమైన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని ప్రభుత్వ ప్రమాణం. లంకలను మైదానం కింద లెక్కించడం మానాలి. ఆ లెక్క వేసినవారు ఒక్కసారి ఆగస్టులో పంటు ఎక్కి రావాలి.

10. వరద కాలానికి ప్రతి లంక ఏఎన్ఎం దగ్గర రక్తస్రావం ఆపడానికి వాడే మిసోప్రోస్టాల్ మాత్రలు ఉండాలి, వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు. గ్రామానికి ఒక ఇంజను పడవ, డీజిలు, లైఫ్ జాకెట్లు వైద్య అవసరానికే ప్రత్యేకించాలి. పడవ నడిపే కుర్రాళ్లకు కూలి ఇవ్వాలి. ఆ రాత్రి మమ్మల్ని తెచ్చినవాళ్లకు డీజిలు ఖర్చు కూడా ఎవరూ ఇవ్వలేదు. అడిగితే సిగ్గుపడి వెళ్లిపోయారు.

11. షాపుల అద్దె లెక్కలు సంఘం ముందు, మా మూడు పాత అర్జీల మీద తీసుకున్న చర్య ప్రజల ముందు పెట్టాలి. తీసుకోకపోతే తీసుకోలేదని రాసి ఇవ్వండి, అదీ ఒక జవాబే.

పాత విద్యార్థినులం పద్నాలుగు మందిమి ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నాం. అందరమూ అరవైకి అటూ ఇటూ. స్కూలు తెరిస్తే జీతం లేకుండా పాఠం చెప్పడానికి ఏడుగురు ఒప్పుకున్నారు, వాళ్ల పేర్లు మూడో అర్జీ వెనక జతచేశాను, ఫైలు దొరికితే చూడండి. గుడ్డ బొమ్మ మా ఇంట్లో ఉంది. చివరి బ్యాచి వెళ్లాక చెత్తలో వేస్తుంటే తెచ్చుకున్నాను. ఒక చెయ్యి ఊడితే కుట్టాను.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక మేమందరం ఆసుపత్రి వరండాకు వస్తాం. ఆ అమ్మాయి, మూడో ఏడు దాటిన ఆమె కూతురూ వస్తారు. లేబర్ రూము తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వాచ్‌మన్‌కు ఇప్పటికీ తెలియదట. ట్రస్టు కార్యదర్శిగారు ఆలోగా కనుక్కుని, తెచ్చి, మా ఎదుట తలుపు తీయించాలని కోరుతున్నాం. జిల్లా అధికారి ఒకరు హాజరై గది పరిస్థితి రాసుకోవాలని కూడా కోరుతున్నాం. తుడవడానికి చీపుర్లు మేమే తెస్తాం.

ఇట్లు,
మిషన్ నర్సింగు స్కూలు 1985 బ్యాచి విద్యార్థిని,
గట్టు లోపలి పాత విద్యార్థినుల తరఫున